విశాఖ కొండలకు బోల్టులు బిగించే ముందు

సంపాదకుల వారికి నమస్కారములు.

కైలాసగిరి నుంచి భీమిలి వరకు సముద్రాన్ని ఆనుకొని ఉన్న కొండలపై రాతి ఆరోహణ నేర్చుకోవాలన్న ఉత్సాహం మన యువతలో కనిపించడం సంతోషకరం. అయితే ఆరోహకుల తాడుకు ఆధారంగా రాతిలో బిగించే బోల్టుల విషయంలో తొందరపాటు చూసి నాకు ఆందోళన కలుగుతోంది. తీరం వెంబడి ఒక బండకు బిగించిన బోల్టు కింద తుప్పు నీరు జానెడు పొడవున చారగా దిగి ఉంది. దాని పలకను వేలితో తోస్తే కదిలింది. అలాంటి బోల్టుకే రేపు ఎవరి బిడ్డో తాడు తగిలించుకుంటాడు.

1939లో అమెరికాలోని రాతి శిఖరం షిప్‌రాక్‌ను తొలిసారి ఎక్కిన డేవిడ్ బ్రోవర్ బృందం రాతిలో బిగించిన బోల్టులు నాలుగే. ఆ పొదుపు వెనుక నియమమూ ఉంది, శ్రమా ఉంది. పిడిలో బిగించిన ఉక్కు మొనను రాతికి ఆనించి, సుత్తితో కొట్టిన ప్రతిసారీ కొద్దిగా తిప్పుతూ, సన్నని గొట్టంతో పొడిని ఊదేస్తూ, గట్టి గ్రానైటులో ఒక్క రంధ్రం తొలిచేసరికి మణికట్టు పట్టేస్తుంది. 1958లో అదే దేశంలోని ఎల్ కాపిటాన్ అనే గ్రానైటు కొండగోడ చివరి అంచు కింద వారెన్ హార్డింగ్ రాత్రంతా తాడుకు వేలాడుతూ ఇలా చేత్తోనే 28 రంధ్రాలు తొలిచాడు. 1970లో చెసారే మేస్త్రీ డ్రిల్లు తిప్పడానికి ఇంజనుతో నడిచే కంప్రెసర్‌ను దక్షిణ అమెరికాలోని సెర్రో టోరే శిఖరంపైకి ఎక్కించి వందలాది బోల్టులు దిగ్గొట్టాడు. ఆ వివాదం దశాబ్దాల పాటు చల్లారలేదు, 2012లో ఇద్దరు యువ ఆరోహకులు వాటిలో చాలావాటిని పీకివేశారు. రంధ్రం చేయడం సులువైన కొద్దీ, అది అవసరమా అన్న ప్రశ్న వెనక్కి పోతుందని నా అభిప్రాయం.

మన దగ్గర అంతకన్నా ముఖ్యమైనది రాయి, గాలి. ఆనాటి పావు అంగుళం బోల్టులు గట్టి గ్రానైటులో నిలిచేవి. మన కొండల్లో అధిక భాగం ఖోండలైటు అనే వేరే రకం రాయి. పైపొర శిథిలమైన చోట సుత్తి దెబ్బకే పొడి రాలుతుంది. అలాంటి చోట పొట్టి బోల్టును నమ్మకూడదు. ఇక ఉప్పుగాలి సంగతి: థాయిలాండ్‌లోని రైలే తీరంలో స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు సైతం, పైకి పెద్దగా తుప్పు కనబడకుండానే, లోపల పగుళ్లు పారి కొద్ది సంవత్సరాలకే విరిగాయి. అక్కడ వాటి స్థానంలో జిగురుతో అతికించే టైటానియం బోల్టులు అమర్చారు. అక్కడిది సున్నపురాయి, మనది వేరు. కానీ వేడి, తేమ, ఉప్పు రెండు చోట్లా ఉన్నవే.

కనుక అనుమతి ఇచ్చే అధికారులకు నా విన్నపం. సహజమైన పగుళ్లలో తాత్కాలిక ఆధారాలు నిలిచే చోట బోల్టులు వద్దు. తప్పనిసరైన చోట ముందు రాతిని పరీక్షించి, టైటానియమే అమర్చి, ఏ తేదీన ఎంత లోతున బిగించారో నమోదు చేయించి, ఏటా లాగి చూసే బాధ్యతను ఒకరికి అప్పగించండి. బౌద్ధ అవశేషాలున్న బావికొండ, తొట్లకొండల రాతిపై మాత్రం డ్రిల్లు పెట్టనివ్వకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం