ఎముకల బలానికి విటమిన్ పొట్లం ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

60 ఏళ్లు దాటినవాళ్లు నలుగురు కలిస్తే మోకాళ్ల నొప్పుల తర్వాత వచ్చే మాట విటమిన్ డి. చాలామంది 60,000 యూనిట్ల పొట్లాన్ని డాక్టర్ చెప్పిన గడువు ముగిసినా వారం వారం కొనుక్కుని వేసుకుంటున్నారు. ఇది ప్రమాదం. ఈ విటమిన్ కొవ్వులో కరిగి ఒంట్లో నిల్వ ఉంటుంది. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఆస్ట్రేలియాలో వృద్ధ మహిళలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, పడిపోవడాలు, ఎముకలు విరగడాలు తగ్గకపోగా పెరిగాయని 2010లోనే తేలింది. లోపం ఉన్నవారికి మందు అవసరమే, కాదనను. కానీ డాక్టర్ చెప్పినంత మోతాదులో, చెప్పినంత కాలమే వాడాలి.

మనం పట్టించుకోనిది వ్యాయామాన్ని. నడక మంచిదే గానీ అదొక్కటే సరిపోదు. పెద్దవాళ్లలో తుంటి ఎముక విరిగేది చాలావరకు కింద పడటం వల్లే. అందుకే 65 ఏళ్లు దాటినవారు వారంలో కనీసం 3 రోజులు కండబలాన్ని, నిలకడను పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం వంటివాటికి జిమ్ అక్కర్లేదు.

చాలా పార్కుల్లో వ్యాయామ పరికరాలు పెట్టారు, సంతోషం. వాటిని ఎలా వాడాలో పెద్దవాళ్లకు చూపించే మనిషే లేరు. వారానికి రెండు రోజులైనా ఫిజియోథెరపిస్టులను పార్కులకు పంపాలని మున్సిపల్ అధికారులను కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని, వరంగల్