అది గ్యాస్ మాత్ర కాదు

సంపాదకుడు గారికి,

మందుల షాపుకెళ్లి ‘తిన్నది అరగట్లేదు’ అంటే చాలు, చీటీ అడగకుండానే ఒక స్ట్రిప్పు చేతిలో పెడుతున్నారు. జనం నోట్లో దాని పేరు గ్యాస్ మాత్ర. నిజానికి అందులో ఉన్నవి రెండు మందులు. పాంటొప్రజోల్ లేదా రాబెప్రజోల్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, కడుపును కదిలించదు. దానికి జతచేసిన డాంపెరిడోన్ లేదా లెవోసల్పిరైడ్ కడుపును కదిలించేది. పేచీ ఈ రెండోదానితోనే.

ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో కడుపును కదిలించే వేగస్ నరం దెబ్బతింటే, కడుపు కండరం తిన్నదాన్ని నలిపి పేగులోకి నెట్టలేదు. నాలుగు ముద్దలకే నిండిపోతుంది, పొద్దున తిన్నది సాయంత్రం వాంతిలో పడుతుంది. ఇదే గ్యాస్ట్రోపెరీసిస్, కదిలించే మందులు వాడే జబ్బు. అయితే పుండు మచ్చకట్టి దారి ఇరుకైనా, క్యాన్సర్ అడ్డుపడినా లక్షణాలివే. అందుకే ముందు ఎండోస్కోపీ. దారి బాగుంటే స్కాన్: కొలిచి పెట్టిన ఆహారంలో 4 గంటల తర్వాత కూడా 10 శాతానికి మించి కడుపులో మిగిలితే జబ్బు ఉన్నట్టు. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు నుంచే డాక్టరు చెప్పిన ప్రకారం కదిలించే మందులు, నల్లమందు జాతి నొప్పి మాత్రలు ఆపకపోతే రిపోర్టు తప్పుతుంది. బరువు తగ్గడానికి వేసుకునే సెమాగ్లూటైడ్ కూడా కడుపును నెమ్మది చేస్తుంది. ఆ మాట డాక్టరుకు చెప్పేవాళ్లు తక్కువ.

ఇక కడుపును కదిలించే మందులు. మెటోక్లోప్రమైడ్ 5 నుంచి 10 మిల్లీగ్రాములు, భోజనానికి అరగంట ముందు. అన్నం తిన్నాక వేసుకుంటే సగం ప్రయోజనం పోయినట్టే, ఎందుకంటే కదలని కడుపులో మాత్ర కూడా అన్నంతోపాటే ఇరుక్కుంటుంది. కిడ్నీలు బలహీనమైతే మోతాదు తగ్గించాలి. కుర్రవాళ్లలో మొదటి ఒకటి రెండు రోజుల్లోనే మెడ వంకరపోయి, కళ్లు పైకి తేలవచ్చు. చూసినవాళ్లు ఫిట్స్ అనుకుంటారు. నెలల తరబడి వాడితే నోరు, నాలుక వాటంతటవే ఆడుతుంటాయి. మందు ఆపినా అది పోకపోవచ్చు. 12 వారాలు దాటొద్దని అమెరికా 2009లో మందు లేబుల్ మీద పెట్టె కట్టి మరీ హెచ్చరిక వేయించింది అందుకే.

డాంపెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్లదు, కాబట్టి ఆ బెడద తక్కువ. కానీ గుండె లయను తప్పించగలదు. 60 దాటినవాళ్లలో, రోజుకు 30 మిల్లీగ్రాములు మించితే, క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్) లేదా కీటోకొనజోల్ (ఫంగస్ మందు) జతపడితే ప్రమాదం ఎక్కువ. ఎక్కువకాలం వాడాలంటే ముందు ఒక ఈసీజీ తీయాలి. లెవోసల్పిరైడ్‌తో పెద్దవాళ్లకు చేతులు వణికి, నడక నెమ్మదించి, అచ్చం పార్కిన్‌సన్‌లా కనిపిస్తుంది. పాత స్ట్రిప్పు సంగతి ఎవరూ అడగక, ఆ వణుకుకు మరో మందు మొదలవుతుంది! పెళ్లికాని పిల్లల్లో నెలసరి తప్పడం, రొమ్ముల్లో పాలు రావడం కూడా ఈ మందుల వల్ల జరుగుతాయి. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కడుపును గట్టిగానే కదిలిస్తుంది గానీ, కొన్ని వారాల్లో పట్టు తగ్గిపోతుంది. ఇదే పనికి వాడిన సిసాప్రైడ్‌ను గుండె లయ తప్పిస్తోందని మన దేశం 2011లో నిషేధించింది.

షుగర్ అదుపులో లేకుండా ఏ మాత్రా పూర్తిగా పనిచేయదు, పెరిగిన చక్కెరే కడుపును మందగింపజేస్తుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు ఇంకో చిక్కుంది. అన్నం కడుపులోనే ఉంటే సూది పనిచేసి చక్కెర పడిపోతుంది, తర్వాత ఒక్కసారిగా ఎగబాకుతుంది. సూది వేళ మార్చుకోవడం గురించి డాక్టరును అడగాలి. ఆహారం కొద్దికొద్దిగా, మెత్తగా, నెయ్యి నూనె తగ్గించి: జావ, మెత్తటి పెరుగన్నం, పల్చని పప్పుకట్టు. పీచు ఎక్కువున్న ఆకుకూరలు, తొక్కలు కడుపులో ఉండకట్టుకుపోతాయి.

ఈ స్ట్రిప్పుల మీద ఎర్ర గీత ఉంది, చీటీ లేనిదే అమ్మకూడదని అర్థం. రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు షాపుల తనిఖీలో ముందుగా ఈ జంట క్యాప్సూళ్ల బిల్లులు చూడాలి. డాక్టర్లు చీటీ మీద ‘ఎన్ని రోజులు’ అన్నది అంకెల్లో రాయాలి. ‘కంటిన్యూ’ అని రాసి వదిలేస్తే రోగి ఏళ్లపాటు అదే చీటీ చూపించి కొంటాడు.

ఇట్లు,
ఒక ఫార్మసీ అధ్యాపకుడు, వరంగల్