ఎలుకలకూ రిబ్బనుకూ నడుమ

సంపాదకులకు,

కొత్త మందు గురించి మన పత్రికల్లో రెండుసార్లే వార్త వస్తుంది. ఎలుకల మీద పనిచేసిందన్న రోజు ఒకసారి, మంత్రిగారు రిబ్బను కత్తిరించిన రోజు ఇంకోసారి. మొన్న మీరు వేసిన ‘క్యాన్సర్‌కు మందు సిద్ధం’ వార్తను చివరి పేరా దాకా చదివితే తప్ప, అది ఎలుకలు దాటలేదని తెలియదు. మా వీధిలో ఒకావిడ ఆ కాగితం మడిచి పట్టుకుని వచ్చి, ‘ఇది విశాఖలో దొరుకుతుందా, ఎంతవుతుంది?’ అని అడిగింది. ఆమె భర్త మంచంలో ఉన్నాడు.

నడుమ జరిగేదేమిటో, టీకాలు వేసే ఏఎన్ఎంగా నా చేతుల మీదుగా వెళ్లిన మందుతోనే చెబుతాను. పసిపిల్లలకు తీవ్రమైన విరేచనాలు తెప్పించే రోటావైరస్‌కు వేసే టీకా చుక్కలు. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం ఒక వింత గమనించింది. అప్పుడే పుట్టిన పిల్లలకు వైరస్ సోకింది గానీ విరేచనాలు లేవు. ఆ పిల్లలకు తర్వాత కూడా ఆ జబ్బు ముదరలేదు. 116ఇ అనే ఆ రకం వైరస్ నుంచే టీకా తయారైంది. ప్రభుత్వం దాన్ని ఉచితంగా ఇవ్వడం 2016లో మొదలైంది. తొలి నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అంటే ముప్పై ఏళ్లు. వైరస్‌ను శుద్ధి చేయాలి, ప్రయోగశాలలో పెంచాలి, తయారైన ప్రతి విడతా ఒకే తీరుగా ఉండాలి. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ ఆ పని తలకెత్తుకుంది. ముందు చిన్న చిన్న పరీక్షలు, తర్వాత 2011లో ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది పసిపిల్లలతో పెద్ద పరీక్ష మొదలైంది. పోల్చి చూడటానికి వాళ్లలో మూడో వంతు మందికి వేసినవి మందు లేని ఉత్త చుక్కలు. ఎవరికి ఏది పడిందో తల్లికీ తెలియదు, వేసినవాళ్లకూ తెలియదు. ఆ సంగతి విని కూడా కాగితం మీద సంతకమో వేలిముద్రో వేసిన తల్లుల గురించి నేను ఏ పత్రికలోనూ చదవలేదు. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ వైరస్ ఇప్పటికీ ఎయిమ్స్ ఫ్రీజర్‌లోనే ఉండేది.

ఉత్త చుక్కలు పడ్డవాళ్లతో పోలిస్తే, టీకా పడ్డ పిల్లల్లో తొలి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలు సుమారు 56 శాతం తగ్గాయి. వందకు వంద కాదు. ‘చుక్కలు వేయించినా మావాడికి పట్టుకున్నాయేమిటమ్మా’ అని నిలదీసే తల్లికి నా దగ్గరున్న జవాబు ఆ అంకె ఒక్కటే. విరేచనాలు తెప్పించే క్రిములు వేరేవీ ఉన్నాయనీ, ఓఆర్ఎస్, జింకు మానొద్దనీ చెప్పేదాన్ని. ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఐదేసి చుక్కలు బుగ్గలోకి వదలాలి. గులాబీ రంగులో ఉండే ఆ మందు ఒక్కోసారి నారింజ రంగుకు తిరిగేది. పాడైపోయిందని బిడ్డను చంకనెత్తుకుని వెళ్లిపోయినవాళ్లున్నారు. రంగు మారినా గుణం మారదని మాకు శిక్షణలో చెప్పారు. తల్లులకు ముందుగా ఎవరు చెప్పారు? టీకా ప్రారంభోత్సవం ఫొటో మాత్రం అందరూ చూశారు.

అందుకే నా విన్నపం ఒక్కటే. మందు వార్త వేసేటప్పుడు అది ఎలుకల దగ్గరుందా, మనుషుల దాకా వచ్చిందా, ఎంతమందికి ఇచ్చి చూశారు అన్నవి శీర్షిక కిందే వేయండి. రెండు వాక్యాలు చాలు. చోటు లేదనకండి, పన్నెండు రాశులకూ రోజూ దొరుకుతూనే ఉంది కదా.

– ఒక విశ్రాంత ఏఎన్ఎం, పార్వతీపురం