మంత్రి గారికి ఒక స్టాఫ్ నర్సు బహిరంగ లేఖ: ట్రైనింగ్ ఆర్డర్ ఇచ్చే ముందు మా డ్యూటీ చార్ట్ చూడండి

మంత్రి గారికి నమస్కారం అండి.

నేను 18 ఏళ్ళుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను, ఇప్పుడు మెడికల్ వార్డు ఇన్‌ఛార్జ్‌ని. మా చెల్లెలు టీచర్, తనది 12 ఏళ్ళ సర్వీసు. ఎప్పుడు ఫోన్ చేసుకున్నా పది నిమిషాల్లో మాట డ్యూటీ మీదకే పోతుంది, నేను వార్డు గురించి చెప్తుంటాను తను క్లాసు గురించి చెప్తుంటుంది, కాసేపయ్యాక చూస్తే ఇద్దరి బాధా ఒకటే. అందుకే ఇద్దరి తరఫునా రాస్తున్నాను. కాస్త పెద్ద లేఖే అవుతుంది, మీకు క్షణం తీరిక ఉండదని తెలుసు, అయినా పూర్తిగా చదవమని అడుగుతున్నాను.

ముందు ఒక తెల్లవారుజాము సంగతి చెప్తాను.

వార్డులో 42 బెడ్లు, నైట్‌లో ఇద్దరం. నాతో ఉన్న అమ్మాయి ఉద్యోగంలో చేరి మూడో వారం. టైం ఐదు అవుతోంది. మా పనిలో అదే గడ్డు సమయం, బ్లడ్ శాంపిల్స్ తీయాలి, బీపీలు చూడాలి, ఆరు గంటల ఇంజెక్షన్లు రెడీ చేయాలి, ఒకవైపు సెలైన్ అయిపోయిందని పేషెంట్ వాళ్ళు పిలుస్తుంటారు ఇంకోవైపు ఫోన్ మోగుతుంటుంది. ఆ అమ్మాయి యాంటీబయాటిక్ పౌడర్ కలపడానికి ట్రేలోంచి డిస్టిల్డ్ వాటర్ అనుకుని ఒక యాంప్యూల్ (మెడ విరిచి వాడే చిన్న మందు గొట్టం) తీసింది, విరిచింది, సిరంజిలోకి లాగింది, పౌడర్ ఉన్న సీసాలో కలిపేసి బెడ్ దగ్గరకి వెళ్ళిపోయింది కూడా. నేను దూది కోసం ట్రే దగ్గరకి వచ్చి ఖాళీ యాంప్యూల్ చూశాను. పొటాషియం క్లోరైడ్. రెండూ 10 ఎంఎల్, రెండూ ఒకే రకం ప్లాస్టిక్, ఒకే సన్నటి అక్షరాలు, పైగా పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. పరిగెత్తాను. తను పేషెంట్ నరానికి పెట్టిన కాన్యులా గొట్టం మూత తీసి సిరంజి బిగిస్తోంది, చెయ్యి పట్టుకుని లాగేశాను. ఆ పేషెంట్ నిద్రలోనే ఉన్నారు.

మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తాను, పొటాషియం క్లోరైడ్‌ని సెలైన్‌లో కలిపి గంటల తరబడి నెమ్మదిగా ఎక్కించాలి, నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోవచ్చు. అందుకే ఇలాంటి గాఢమైన ద్రావణాలు వార్డు ట్రేల్లో ఉండకూడదు, వేరేగా తాళం కింద ఉండాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది.

ఆ రోజు రిపోర్టు నేనే రాశాను, దాచలేదు. తర్వాత ఏం జరిగిందో వినండి. ఆ అమ్మాయికి మెమో వచ్చింది. మందుల భద్రత మీద రెండు గంటల ట్రైనింగ్ క్లాసు పెట్టారు, అదీ నైట్ డ్యూటీ దిగిన వాళ్ళకి పొద్దున పదింటికి, తను కుర్చీలోనే నిద్రపోయింది, నేను లేపలేదు. గోడకి ఒక పోస్టర్ అంటించారు. సంతకాలు తీసుకుని ఫైల్ మూసేశారు. పొటాషియం యాంప్యూల్స్ మాత్రం అదే ట్రేలో అక్కడే ఉన్నాయి! నాలుగు రోజులు చూసి నేనే తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇద్దరే ఉన్న నైట్ చార్ట్ గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆ అమ్మాయి చదువులో తక్కువదేం కాదండి, మందుల లెక్కలు నాకంటే వేగంగా వేస్తుంది. కాగితం మీద తనకి 15 రోజులు సీనియర్ పక్కన ఉండి నేర్చుకోవాలని ఉంది, కానీ స్టాఫ్ లేక మూడో రోజే చార్ట్‌లో ఫుల్ డ్యూటీ వేసేశారు, వేసింది నేనే, ఆ తప్పులో నా వాటా ఉంది, వేయకపోతే ఆ షిఫ్ట్‌కి ఒక్కరే మిగిలేవాళ్ళు. అంతకుముందు రోజు పగలు ఇంట్లో నిద్ర పట్టలేదని చెప్పింది, అంటే యాంప్యూల్ విరిచే టైంకి దాదాపు 20 గంటలుగా మెలకువగా ఉంది. 1997లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చేతి పనీ కంటి పనీ రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ళ స్థాయికి పడిపోతాయట, 24 గంటలకి 0.10 దగ్గరకి. తాగి బండి నడిపితే పట్టుకుంటాం కదా, అదే స్థితిలో ఉన్న మనిషి చేతికి సిరంజి మనమే ఇస్తున్నాం, ఏదైనా జరిగితే నీకు ట్రైనింగ్ చాలలేదు అంటున్నాం.

నేను చెప్పాలనుకున్నది ఇదే సార్. ట్రైనింగ్ వద్దని కాదు, మాకు చాలా కావాలి, అడిగి మరీ నేర్చుకుంటాం. కానీ పని చేసే చోటు మార్చకుండా ఇచ్చే ట్రైనింగ్ తప్పంతా మనిషి నెత్తిన వేయడానికి పనికొస్తుందే తప్ప పేషెంట్‌కి గానీ పిల్లలకి గానీ ఉపయోగపడదు.

చెల్లెలి సంగతి చూడండి. తన క్లాసులో 58 మంది పిల్లలు. పిల్లల్ని గ్రూపులుగా కూర్చోబెట్టి పాఠం చెప్పడం మీద ఐదు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు, నిజంగా బాగుందంట, రాత్రి ఫోన్ చేసి ఎంత సంబరంగా చెప్పిందో. సోమవారం క్లాసుకి వెళ్తే బెంచీలు నేలకి బిగించి ఉన్నాయి, గ్రూపులు ఎలా చేస్తుంది? సరే, నేల మీద కూర్చోబెడదాం అనుకుంది, 58 మందికి చోటు చాలలేదు. అయినా వదలకుండా బయట వరండాలో రెండు వారాలు చేసింది, పక్క క్లాసుకి గోల అవుతోందని ఆపమన్నారు. ట్రైనింగ్ ఇచ్చినవాళ్ళు ఒక్కసారి కూడా వచ్చి క్లాసు చూడలేదు, కానీ అమలు చేస్తున్నట్టు ఫొటోలు అప్‌లోడ్ చేయమని మెసేజ్ మాత్రం వచ్చింది. ఆ ఫొటోలు తీయడానికి ఒక పీరియడ్ పోయింది.

తన గొంతు ఏడాదికి రెండు మూడుసార్లు పూర్తిగా పోతుంది, మాట రాక సైగలతో మాట్లాడుతుంది ఇంట్లో. ఇది తన ఒక్కదాని సమస్య కాదు. అమెరికాలో రెండు రాష్ట్రాల్లో చేసి 2004లో ప్రచురించిన సర్వేలో సగానికి పైగా టీచర్లు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చిందని చెప్పారు, వేరే ఉద్యోగాల వాళ్ళలో అది 29 శాతం లోపే. గొంతు ఎలా వాడాలో టీచర్ ట్రైనింగ్‌లో తనకి ఎవరూ నేర్పలేదు. నేర్పినా సరే, 58 మంది చివరి బెంచీ దాకా వినపడాలంటే అరవక తప్పదు కదా. టీచర్ల స్థాయి గురించి 1966లో యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఇచ్చిన సిఫార్సులోనే ఉంది, ప్రతి పిల్లవాడి మీదా విడిగా శ్రద్ధ పెట్టగలిగేంత మందే క్లాసులో ఉండాలని. అది ఒప్పుకున్న రోజు అని అక్టోబర్ 5న ప్రపంచ టీచర్ల దినోత్సవం కూడా చేస్తున్నారు.

ఇంక బర్నౌట్ మాట. ఈ మధ్య మాకు ఒత్తిడి తట్టుకోవడం మీద, ధ్యానం మీద సెషన్లు పెడుతున్నారు. చెప్పేవాళ్ళు మంచివాళ్ళే, వాళ్ళని అనను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కొత్త వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ని చేర్చినప్పుడు అది జబ్బు కాదు, పని చేసే చోట సరిగా అదుపు చేయకుండా వదిలేసిన దీర్ఘకాలపు ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అని స్పష్టంగా రాసింది. అంటే పని దగ్గర మొదలవుతుంది. మనసంతా పిండేసినట్టు అలిసిపోవడం, ఎదుటి మనిషి మీద స్పందన చచ్చిపోవడం, నేను చేసేదానికి విలువ లేదు అనిపించడం, 1981లో క్రిస్టినా మస్లాక్, సుసాన్ జాక్సన్ తయారుచేసిన కొలమానంలో ఈ మూడే ఉంటాయి. రెండోది నాకు బాగా తెలుసు. ఒక ఏడాది పేషెంట్ల పేర్లు కాకుండా బెడ్ నంబర్లే నోటికి వచ్చేవి, 17కి జ్వరం, 23కి డ్రిప్ అని. ఒకసారి ఒక పెద్దాయన చేయి పట్టుకుని నా పేరు ఫలానా అమ్మా అని చెప్పారు, ఆ రోజు ఇంటికెళ్ళి చాలాసేపు ఏడ్చాను.

మనుషుల్ని పెంచితే నిజంగా మారుతుందా అని ఫైనాన్స్ వాళ్ళు అడుగుతారు, అడగాల్సిందే, డబ్బు ప్రజలది. 2002లో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలో 168 హాస్పిటళ్ళ లెక్కలు చూసింది, ఒక నర్సు చూసే పేషెంట్లలో ఒక్కరు పెరిగే కొద్దీ ఆపరేషన్ అయిన పేషెంట్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించింది, నర్సులకి బర్నౌట్ వచ్చే అవకాశం అయితే 23 శాతం ఎక్కువ. కాలిఫోర్నియాలో నర్సుకి ఇంతమంది పేషెంట్లే అని 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేస్తున్నారు. డ్యూటీ గంటల సంగతి కూడా అంతే, 1984లో న్యూయార్క్‌లో ఒక 18 ఏళ్ళ అమ్మాయి హాస్పిటల్లో చేరిన కొన్ని గంటల్లో చనిపోతే, అలిసిపోయిన జూనియర్ డాక్టర్ల మీద, వాళ్ళని చూసుకునే సీనియర్లు లేకపోవడం మీద పెద్ద చర్చ జరిగి 1989లో వారానికి 80 గంటలు, ఏకబిగిన 24 గంటలు మించకూడదని ఆ రాష్ట్రం రూల్ పెట్టింది. 80 గంటలు కూడా చాలా ఎక్కువే, కానీ ఎంక్వైరీ వేసి ఒక్క జూనియర్ డాక్టర్‌తో ఆపకుండా డ్యూటీ చార్ట్ దాకా వెళ్ళారు చూశారా, అది నాకు నచ్చింది. 2004లో ఐసీయూలో పనిచేసే ఇంటర్న్‌ల (కొత్త జూనియర్ డాక్టర్ల) మీద చేసిన ఇంకో పరిశోధనలో పొడుగాటి షిఫ్టులు ఉన్నప్పుడు, తగ్గించినప్పటి కంటే, సీరియస్ తప్పులు 36 శాతం ఎక్కువ జరిగాయి. మనుషులు వాళ్ళే, చదువు అదే, గంటలే వేరు.

ట్రైనింగ్ పనిచేసిన చోట్లు కూడా ఉన్నాయి, అవి చెప్పకపోతే అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ కోసం 19 అంశాల చెక్‌లిస్ట్ ఇచ్చింది, ఎనిమిది నగరాల్లో పెట్టి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. అందులో పేషెంట్ పేరు, ఏ ఆపరేషన్, ఏ వైపు అని అందరూ ఆగి పైకి చెప్పుకోవాలి. గమనించండి, నేర్పిన పని చేయడానికి అక్కడ ఒక నిమిషం ఆగే వీలు కల్పించారు, జూనియర్ నర్సు కూడా ఆగండి అనగలిగే హక్కు ఇచ్చారు. టీచర్ల విషయంలోనూ అంతే, అనుభవం ఉన్నవాళ్ళు క్లాసులో వెనక కూర్చుని చూసి తర్వాత కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతి మీద జరిగిన 60 అధ్యయనాలని కలిపి 2018లో చూస్తే పాఠం చెప్పే తీరు బాగుపడింది, పిల్లల చదువూ మెరుగైంది, అయితే పెద్ద ఎత్తున చేసినప్పుడు ఫలితం తగ్గింది. అందుకని రాష్ట్రం మొత్తానికి ఒకే రోజు ప్రారంభించొద్దు, కొన్ని బడుల్లో సరిగ్గా చేసి పెంచుకుంటూ పోండి అని మా చెల్లెలి మాట.

ఇప్పుడు నేను అడిగేవి. ట్రైనింగ్‌కి పిలిచే ప్రతి ఆర్డర్‌లో ఆ రోజు ఆ వార్డు ఎవరు చూస్తారు, ఆ క్లాసు ఎవరు తీసుకుంటారు అన్నది పేరుతో సహా రాయించండి, పేరు లేకపోతే ఆర్డర్ బయటకి పోకూడదు. నైట్ దిగినవాళ్ళని అదే పొద్దున క్లాసులో కూర్చోబెట్టడం ఆపించండి. షిఫ్ట్ మారేటప్పుడు ఓవర్ ఇచ్చి పుచ్చుకునే, అంటే పేషెంట్ల సంగతులు తర్వాతి వాళ్ళకి అప్పగించే అరగంటని డ్యూటీ టైంలో కలపండి, ఇప్పుడు అది మా సొంత టైం, అందుకే బస్సు పోతుందని హడావిడిగా నిలబడి చెప్పేసి పోతున్నాం, ఏ బెడ్‌కి ఏ మందు మారిందో ఆ హడావిడిలోనే జారిపోతుంది. తప్పు జరగబోయి ఆగిందని రిపోర్టు రాస్తే, రాసిన వాళ్ళకి గానీ చేయబోయిన వాళ్ళకి గానీ మొదటి కాగితంగా మెమో రాకూడదు, ఎందుకంటే ఆ మెమో తర్వాత మా వార్డులో ఆరు నెలలు ఒక్క రిపోర్టు కూడా రాలేదు. తప్పులు జరగక కాదు సార్.

ఆ అమ్మాయి 11 నెలలు చేసి మానేసింది. వెళ్ళేటప్పుడు, సిస్టర్, ఇప్పటికీ ఏ యాంప్యూల్ విరిచినా మూడుసార్లు చదువుతున్నాను, రాత్రి కలలో కూడా చదువుతున్నాను అంది. మంచి నర్సు అయ్యేది.

వచ్చే నెల ఒకటో తారీఖున మా వార్డుకి ఆరుగురు కొత్తవాళ్ళు వస్తున్నారు. డ్యూటీ చార్ట్ ఇప్పటికే నా టేబుల్ మీద ఉంది, నాలుగో తారీఖు నైట్‌లో ఇద్దరు కొత్తవాళ్ళ పేర్లు వేయాల్సి వస్తోంది, సీనియర్ గడి ఖాళీగా ఉంది. పెన్సిల్‌తో రాసి ఆపాను. మొదటి మూడు నెలలు కొత్తవాళ్ళని సీనియర్ లేకుండా నైట్ వేయకూడదు, ఆ సీనియర్‌ని ఇచ్చే బాధ్యత పైవాళ్ళది అని మీ సంతకంతో ఒక్క ఆర్డర్ ఆ లోపు వస్తే ఆ రెండు పేర్లూ చెరిపేస్తాను.

ఇట్లు
ఒక వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్