బాపూ, మనవరాలి ఎడారి ప్రయాణాల సంగతి

చాండ్లర్, అరిజోనా

బాపూ,

మొన్న ఫోన్‌లో సగమే మాట్లాడుకున్నాం. ఏడేళ్ల పిల్లను ఎడారిలో మోటర్ బండి మీద తిప్పుడేందని అమ్మ కోపం చేసింది, నువ్వేమో ఒక్క మాట అనకుండా ఫోన్ మళ్లీ అమ్మకే ఇచ్చావు. నువ్వు ఏమీ అనలేదంటే లోపల ఎంత టెన్షన్ పడుతున్నావో నాకు తెలుసు. ఏళ్ల తరబడి ఆర్టీసీ స్టీరింగ్ పట్టినవాడివి, మేడారం జాతర డ్యూటీలు చేసినవాడివి, నీకైతే దారి సంగతి అర్థమవుతుందని వివరంగా రాస్తున్నా. అమ్మకు నువ్వే చదివి వినిపించు.

ముందు బండి గురించి చెప్తా. యమహా పీడబ్ల్యూ 50, పిల్లల కోసమే చేసింది. 49 సీసీ, గేర్లు లేవు, క్లచ్ లేదు, రెండు బ్రేకులూ చేతి దగ్గరే. ఎక్సలేటర్ దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని బిగిస్తే పిల్ల పిడి ఎంత తిప్పినా బండి ఒక హద్దు దాటి పోదు. స్క్రూడ్రైవర్ నా దగ్గరే ఉంటుంది. ఇసుకలో లేచి నిలబడి నడపడం, బ్రేకు ఒక్కసారే పట్టేయకుండా మెల్లగా నొక్కడం వచ్చేకొద్దీ కొంచెం కొంచెం వదులుతున్నా. అది కూడా చదునుగా ఉన్న చోటే. రాళ్ల ఎక్కుడు, పొడవు దారులైతే జీపులోనే పోతాం, బెల్టు పెట్టుకుని. నేనూ పిల్లా చెరో బండి మీద ఉన్నప్పుడు నీ కోడలు నీళ్లు, మందులు, పంపు పెట్టుకుని జీపులో వెనకాల వస్తుంది. మట్టి దారి ఎక్కేముందు జీపు టైర్లలో గాలి 35 నుంచి 20కి దించుతాం, టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో దిగబడదు. మళ్లీ తారు రోడ్డు మీదికి వచ్చాక పంపుతో గాలి కొట్టుకుంటాం. గాలి చూసే పని పిల్లదే, మీటర్ పట్టుకుని నాలుగు టైర్లూ తనే చెప్తుంది.

ఎండంటారా, రామగుండం ఎండ చూసినవాళ్లమే అయినా ఇక్కడిది వేరు. 2023లో మా పక్కనున్న ఫీనిక్స్ నగరంలో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. పిల్లల ఒళ్లు మనకంటే తొందరగా వేడెక్కుతుంది, పైగా హెల్మెట్, జాకెట్, మోకాళ్ల గార్డులు. అందుకే మే నుంచి సెప్టెంబర్ దాకా బండి బయటికి తీయం. చలికాలంలో పొద్దున్నే పోయి మధ్యాహ్నం అన్నం వేళకు ఇంట్లో ఉంటాం. అయినా మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు లేకుండా కదలం.

నీకు అన్నిటికంటే వాగుల సంగతి చెప్పాలి. ఇక్కడ చాలా దారులు ఎండిన వాగుల్లోంచే పోతాయి. 2023 జూలైలో మోరంచవాగు ఊరి మీద పడ్డప్పుడు, ములుగు పక్కన లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది కదా, ఫీనిక్స్‌కు ఏడాది మొత్తానికి పడేది సుమారు 180. అంత తక్కువ వానకే ఇక్కడ వాగులు మనుషులను కొట్టుకుపోతాయి, ఎందుకంటే గట్టి నేల నీళ్లు తాగదు. ఎక్కడో కొండల మీద పడుతుంది, మన నెత్తి మీద ఆకాశం తేటగానే ఉంటుంది, నీళ్లు మాత్రం వచ్చేస్తాయి. అందుకని మేం పోయే చోటి వాతావరణంతో పాటు పైనున్న కొండలదీ చూస్తాం, అక్కడ వాన ఉందంటే ఆ రోజు ప్రయాణం లేదు.

అడవి శాఖ వాళ్లు ఏ దారిలో బండ్లు పోవచ్చో ఉచితంగా మ్యాప్ ఇస్తారు. సిగ్నల్ ఉండదు కాబట్టి ముందే ఫోన్‌లో దించుకుంటాం. ఎటు పోతున్నాం, ఎన్నింటికి వస్తాం అని రాసి పక్కింటి వాళ్లకు ఇస్తాం, సాటిలైట్‌తో మెసేజ్ పంపే చిన్న డబ్బా కూడా ఉంది. మ్యాప్‌లో లేని దారిలోకి చక్రం పెట్టం. ఎడారి నేల పైన సన్నటి పొర ఉంటుంది, ఒకసారి చితికితే కోలుకోవడానికి ఏళ్లకు ఏళ్లు పడుతుంది. నేను పక్కకు తిప్పబోతే పిల్లే అరుస్తుంది. పాత గనులు కూడా చాలా ఉన్నాయి, ఎవరూ మూయకుండా వదిలేసినవి. వాటి దగ్గరికి పోం, లోపల గాలి ఎట్లా ఉంటుందో భూపాలపల్లి మామను అడుగు, ఆయనే చెప్తాడు.

దుమ్ము కూడా ఉత్త దుమ్ము కాదు. ఇక్కడి మట్టిలో ఉండే ఒక ఫంగస్ ఊపిరితిత్తుల్లోకి పోతే వ్యాలీ ఫీవర్ అనే జబ్బు వస్తుంది. గాలి లేచిన రోజు పోం, ఒకరి దుమ్ములో ఒకరు నడపం, పిల్ల ఎప్పుడూ ముందే.

అసలు నేను ఎక్కువగా ఆలోచించేది ఎప్పుడు వెనక్కి తిరగాలన్నది. పోయినంత దూరం మళ్లీ రావాలి కదా, మ్యాప్‌లో దారి ఎంతుంటే నాకేంది, పిల్లలో ఓపిక ఎంతుందన్నదే లెక్క. వెనకనుంచి కాళ్లే చూస్తుంటా. ఎగుడుదిగుడు వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడాల్సింది కూర్చునే పోతోందంటే అలసిపోయిందని. తను "ఇంకొంచెం పోదాం నాన్నా" అన్నా సరే, అక్కడే బండ్లు ఆపి, నీడ చూసుకుని, ఏదైనా తిని తిరిగి వస్తాం. పోదామనుకున్న కొండ మీదికి ఇప్పటిదాకా చేరలేదు, ఏం కాదు, అది ఎక్కడికీ పోదు.

మొన్నటి ముచ్చట ఒకటి. ఇక్కడ చోయా అని ఒక ముళ్లచెట్టు ఉంది, కొంచెం తగిలినా ముక్క తెగి ఒంటికి పట్టుకుంటుంది, చేత్తో లాగితే ఆ చేతికీ పడుతుంది. నా మోచేతి కింద పట్టుకుంది. పిల్ల తన బ్యాగులోంచి వెడల్పు పళ్ల దువ్వెన తీసి, అటువైపు ఎవరైనా ఉన్నారా అని చూసి, వాళ్లమ్మను పక్కకు జరగమని, దువ్వెన ముక్క కిందికి దూర్చి ఒక్క విసురుతో ఎగరగొట్టింది. మిగిలిన ముళ్లు పట్టకారుతో తీసేదాకా నన్ను కదలనివ్వలేదు. బడిలో ఎన్ని మార్కులు వచ్చినా నాకు అంత సంతోషం కలగలేదు బాపూ.

జనవరిలో మీరిద్దరూ రండి. సంక్రాంతికి అమ్మ చేసే సకినాలు ఎక్కువే తెమ్మను, జీపు కుదుపులకు విరిగినా రుచి పోదు. నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఆ దారిలో గేరు ఎక్కడ మార్చాలో నీతోనే చెప్పించుకోవాలని ఉంది. చదును చోట నువ్వు కూడా నా బండి నడుపుదువు. చట్టం 18 ఏళ్లలోపు వాళ్లకే హెల్మెట్ తప్పనిసరి అంటుంది కానీ మా ఇంట్లో అందరికీ తప్పనిసరి. అమ్మతో కొలత తీయించు, టేపు కనుబొమ్మల కొంచెం పైనుంచి, చెవుల మీదుగా, వెనక తల ఎత్తుగా ఉన్న చోటు దాకా చుట్టి, ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో ఆదివారం ఫోన్‌లో చెప్పు. ఇప్పుడు ఆర్డర్ పెడితే మీరు వచ్చేలోపు ఉంటుంది.

నీ కొడుకు