కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: షుగరు, బరువు, ఒక టేపు

సభ్యులందరికీ నమస్కారం.

బోరు మరమ్మతు, పార్కు లైట్ల పద్దులు కోశాధికారిగారు విడిగా చదువుతారు. షుగరు ఉన్న సభ్యుల బరువు విషయంలో ఆరోగ్య ఉపసంఘం ఈ ఏడాది చేసిన పని వరకే నేను రాస్తున్నాను.

ఉగాది వెళ్ళాక ఒక ఆదివారం కమ్యూనిటీ హాల్లో బరువులు చూశాం. మిషను ఎక్కేముందే చీటీ చేతికిచ్చి, మీ బరువు తక్కువా, సరిపడానా, ఎక్కువా రాయమన్నాం. దాదాపు అందరూ ‘సరిపడా’ అనే రాశారు. వాళ్ళననడానికి లేదు. ఒళ్ళు చేసినవాణ్ణి ‘నిండుగా ఉన్నావు’ అని మెచ్చుకునేదీ మనమే, నాలుగు కిలోలు తగ్గినవాణ్ణి ‘ఇలా చిక్కిపోయావేం?’ అని బెంగపెట్టేదీ మనమే.

బీఎంఐ, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె, 25 దాటితే అధిక బరువు, 30కి చేరితే ఊబకాయం అన్నది ప్రపంచమంతటికీ చెప్పే లెక్క. భారతీయులకు మన వైద్యులు ఆ గీతల్ని 23కీ 25కీ దించారు. అంటే 160 సెంటీమీటర్ల మనిషి 64 కిలోలుంటే ఊబకాయం గీత మీద ఉన్నట్టే. ఇది చెప్పగానే హాల్లో పెద్ద గొడవే జరిగింది. అప్పుడు 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఇద్దరు వైద్యుల సంగతి చెప్పాం. పుణెకు చెందిన యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్కిన్, ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. గొడవ సద్దుమణిగింది.

నడుము కొలత దగ్గర మగవాళ్ళు ‘నా ప్యాంటు 34 సైజే’ అని వాదించారు. బెల్టు బొజ్జ కిందికి జారాక ప్యాంటు సైజు ఏం చెబుతుంది? చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన టేపు పెట్టాలి. మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు హద్దు. ఆడవాళ్ళకు వేరే గది చూడకపోవడం మా పొరపాటు. చాలామంది కొలిపించుకోకుండానే వెళ్ళిపోయారు. రెండోసారి సరిదిద్దుకున్నాం.

బరువు తగ్గిందని సంబరపడ్డ ఒక పెద్దాయన విషయం చెప్పి తీరాలి. ఆయన తిండీ మార్చలేదు, నడకా మొదలుపెట్టలేదు. పరీక్ష చేయిస్తే షుగరు అదుపులోనే లేదు. చక్కెర మూత్రంలో పోతుంటే ఒళ్ళు తన కొవ్వునీ కండనీ కరిగించుకుంటుంది. మందు సరిచేశాక పోయిన బరువు కొంత తిరిగొచ్చింది. ఆయనకది నచ్చలేదు గానీ డాక్టరుగారికి నచ్చింది.

ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి మందులతో కొందరికి బరువు పెరుగుతుంది. షుగరు పడిపోతుందన్న భయంతో గంటకో బిస్కెట్టు తినేవాళ్ళకు ఇంకా పెరుగుతుంది. ఆ కోపంతో మందు మానేసిన ఇద్దరిని బతిమాలి మళ్ళీ డాక్టరు దగ్గరికి పంపాం. బరువు పెంచని మందులూ ఉన్నాయి, అడిగితే చెబుతారు.

ఎవరికీ ఇరవై కిలోల లక్ష్యం పెట్టలేదు. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా షుగరు మీద, బీపీ మీద తేడా కనిపిస్తుంది. కార్తీక వనభోజనాల్లో పులిహోర తీసేయాలన్న తీర్మానం వీగిపోయింది. గరిటె మాత్రం చిన్నది పెట్టాం.

ఖర్చు: బరువు మిషను, రెండు టేపులు. ఒక టేపు ఎవరింట్లోనో ఉండిపోయింది. తీసుకెళ్ళినవారు వచ్చే ఆదివారంలోగా వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్ళగలరు.

కార్యదర్శి