ఆదివారం మేడ మీద రేకుల స్క్రూలు మారుస్తా ఉండాం

అందరికీ నమస్తే అండి. నిన్న జల్లుకే లిఫ్ట్ రూమ్ పక్కన చుక్కలు పడతా ఉంటే నేనూ వాచ్‌మన్ పైకెక్కి చూశాం. రేకు బాగానే ఉంది, పోయింది స్క్రూ కింద నల్ల రబ్బరు వాషరే, గోరుతో గీకితే పొడిపొడిగా రాలిపోయింది.

షెడ్డు వేసి 12 ఏళ్ళు. ఎండకి రేకు సాగతా, రాత్రికి ముడుచుకుంటా స్క్రూలు లూజవుతాయి, రబ్బరు మామూలుగా 10-15 ఏళ్ళకి గట్టిపడి పగుల్తది, మనకి సముద్రపు ఉప్పుగాలి ఒకటి, తుప్పు తొందర. రేకు మాత్రం ఇంకా చాలా ఏళ్ళు వస్తది.

ఎంసీల్ పూద్దాం అన్నోళ్ళకి దండం, పోయినేడు పూసిందే ఊడింది 😀

ఆదివారం పొద్దున 6:30కి మేస్త్రి వస్తాడు, ఎండెక్కితే రేకు మీద కాలు పెట్టలేం. పాత బొక్కలు వదులైన చోట ఒక సైజు లావు స్క్రూ, ఈపీడీఎం (ఎండకీ వానకీ తట్టుకునే రబ్బరు) వాషర్‌తో. మరీ బిగించొద్దని చెప్పండి, వాషర్ నలిగితే అదీ కారతది.

ఫ్లాట్‌కి 400, శుక్రవారం లోపల. శనివారం రాత్రికే పైన బట్టలు, వడియాలు తీసేయండి. అక్టోబర్ వానలు మొదలైతే మేస్త్రి దొరకడు, మళ్ళీ చెప్తా ఉండా, శుక్రవారం!